కల్లం పగిలిందా? సిమెంటు పూసే ముందు పగులు ఎందుకు వచ్చిందో చూడండి

సిమెంటు కల్లంలో వడ్ల గింజ దిగేంత పగులు ఉంటే దానికి మరమ్మతు అవసరం వచ్చినట్టే. వడ్ల గింజ మందం, రకాన్ని బట్టి, సుమారు 2 మిల్లీమీటర్లు ఉంటుంది. అంతకన్నా సన్నని, వెంట్రుక లాంటి గీతలు ఏ కాంక్రీటులోనైనా ఉంటాయి. వాటి గురించి కంగారు పడనక్కర్లేదు. చేతిలో నాలుగు గింజలు పట్టుకుని కల్లం చుట్టూ తిరగండి. గింజ దిగిన ప్రతి పగులు దగ్గరా చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. మరమ్మతులో ఇది మొదటి పని. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం మండలాల్లో రైతుల పొలాల దగ్గర కనిపించే సిమెంటు కల్లాల్లో చాలావరకు 2020 తర్వాత ఉపాధి హామీ పథకం కింద కట్టుకున్నవే. 50, 60, 75 చదరపు మీటర్ల కొలతల్లో వాటిని కట్టారు. ఆ ఖర్చు విషయంలో 2022లో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల మధ్య వచ్చిన వివాదం అందరూ పత్రికల్లో చదివిందే, దాని జోలికి ఇక్కడ పోవడం లేదు. కల్లం మీ పొలంలో ఉంది, దాని మీద ఆరేది మీ పంట. కాబట్టి దాని బాగోగులు చూసుకోవాల్సింది మీరే.

పగిలిన కల్లంతో పోయేది ఎంత?

పగుళ్లలో పడిపోయే గింజల లెక్క నిజానికి పెద్దది కాదు. 10 మీటర్ల పొడవు, ఒక సెంటీమీటరు వెడల్పు, 5 సెంటీమీటర్ల లోతు ఉన్న పగులులో పట్టేది 5 లీటర్లు, అంటే మూడు కిలోల లోపు వడ్లు. ఆ మూడు కిలోల కోసమే అయితే నేను ఈ వ్యాసం రాయాల్సిన పని లేదు.

అసలు నష్టం వేరే చోట ఉంది. పారతో వడ్లను లాగేటప్పుడు పార అంచు పగులు అంచుకు తగిలి, అక్కడి సిమెంటు పెళ్లలు, కంకర ముక్కలు ఊడి వడ్లలో కలుస్తాయి. కొనుగోలు కేంద్రంలో మట్టి, రాళ్ల వంటివి 1 శాతం దాటకూడదు. 40 కిలోల సంచికి 400 గ్రాములు. చెత్త, తాలు వంటివి మరో 1 శాతం. రంగు మారిన, దెబ్బతిన్న, మొలకెత్తిన, పురుగు పట్టిన గింజలు అన్నీ కలిపి 5 శాతం. తేమ 17 శాతం. ఈ లెక్కలు దాటితే మళ్లీ తూర్పారబట్టి తెమ్మంటారు, లేదా తరుగు మాట వస్తుంది. 2025-26కు ఎ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాకు రూ. 2,389. క్వింటాకు రెండు కిలోల తరుగు పోయినా 50 క్వింటాళ్ల మీద రూ. 2,400 దాకా పోయినట్టే. ఒక కల్లం పగుళ్లకు కావాల్సిన సామాను చాలాసార్లు ఆ డబ్బుతోనే వచ్చేస్తుంది.

రెండోది తేమ. వాన పడినప్పుడు పగుళ్ల గుండా నీరు కాంక్రీటు కిందికి దిగుతుంది. పైన కల్లం ఎండినట్టు కనిపించినా పగులు వెంట తడి రెండు మూడు రోజులు పైకి వస్తూనే ఉంటుంది. రాత్రి కుప్ప చేసి పట్టా కప్పినప్పుడు ఆ తడి కుప్ప అడుగు భాగానికి ఎక్కుతుంది. పగలు ఎండిన వడ్లు రాత్రి తేమ పీల్చుకుని మర్నాడు మళ్లీ ఎండితే గింజ లోపల సన్నగా చీలుతుంది. ఆ వడ్లు మిల్లులో ఆడించినప్పుడు నూక ఎక్కువ అవుతుంది. మక్కలకు, పల్లికాయకు అయితే ఇంకా ప్రమాదం. తడి తగిలిన చోట బూజు పడుతుంది. కొన్ని రకాల బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. పైన బూజు దులిపేసినా ఆ విషం గింజలో ఉండిపోతుంది.

సొంత విత్తనం దాచుకునే వారికి, విత్తనోత్పత్తి చేసే వారికి మూడో చిక్కు. పోయిన పంట గింజలు పగుళ్లలో ఉండిపోయి ఈ పంటలో కలుస్తాయి. ఊడ్చినా రావు. ముక్క పురుగు కూడా ఆ గింజల్లోనే బతికి, కొత్త వడ్లు పడగానే వాటిలో చేరుతుంది.

ఇక నాలుగోది. కల్లం పాడైతే రైతు పోయేది తారు రోడ్డు మీదికే. సాగర్ రోడ్డు మొదలుకొని ఊరి లోపలి రోడ్ల దాకా కోతల కాలంలో సగం రోడ్డు వడ్లతో, మక్కలతో నిండి ఉంటుంది. రాత్రిపూట నల్ల పట్టా కప్పి, గాలికి లేవకుండా చుట్టూ రాళ్లు పెడతారు. చీకట్లో బండి మీద వచ్చేవాడికి ఆ నల్ల కుప్ప కనిపించదు. ఇలా ప్రాణాలు పోయిన కుటుంబాలు మన రాష్ట్రంలో ఉన్నాయి.  2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షను ప్రకారం దారికి అడ్డం కలిగిస్తే రూ. 5,000 దాకా జరిమానా పడవచ్చు. ప్రాణమే పోతే కేసు అంతకన్నా పెద్దది. ఎక్కువ మంది రోడ్డెక్కేది కల్లం లేక, ఉన్న కల్లం చాలక. ఆ మాట నిజమే. కానీ కల్లం ఉండి, పగిలిందని దాన్ని వదిలేసి రోడ్డెక్కే వారు కూడా ఉన్నారు. ఈ వ్యాసం వారి కోసం.

పగులు ఎందుకు వస్తుంది?

ఇప్పుడు ఫోన్లలో వీడియోలు చూసి, పగుళ్లలో వేడి తారు పోస్తే సరిపోతుందా అని అడిగే వారున్నారు. ఆ వీడియోలు అమెరికా, కెనడా లాంటి చలి దేశాలవి. అక్కడ ఇంటి ముందు కారు దారులు తారువి. పగుళ్లలో చేరిన నీరు చలికి గడ్డకట్టి, సుమారు 9 శాతం ఉబ్బి, దారిని లోపలి నుంచి చీలుస్తుంది. అందుకే చలికాలం రాకముందే వాళ్లు తారుతో పగుళ్లు పూడ్చుకుంటారు. నీటిని లోపలికి దిగనివ్వకూడదు అన్న సూత్రం మనకూ వర్తిస్తుంది. కానీ మన దగ్గర నీరు గడ్డకట్టదు, మన కల్లం తారుది కాదు, పైగా దాని మీద ఆరేది తిండి గింజ. కాబట్టి కారణాలూ వేరు, మందూ వేరు.

మన దగ్గర ఎక్కువగా కనిపించే కారణం, కల్లం పోసేటప్పుడు జాయింట్లు వదలకపోవడం. కాంక్రీటు ఎండకు సాగుతుంది, చలికి కుంచించుకుంటుంది. 10 మీటర్ల పొడవు కాంక్రీటు వేడి 10 డిగ్రీలు పెరిగితే దాదాపు ఒక మిల్లీమీటరు సాగుతుంది. జనవరి తెల్లవారుజామున కల్లం వేడి 15 డిగ్రీలు ఉంటే, మే నెల మధ్యాహ్నం అదే కల్లం 55 డిగ్రీలు దాటుతుంది. అంటే 4 మిల్లీమీటర్ల తేడా. 4 అంగుళాల మందం కాంక్రీటుకు ప్రతి 8 నుంచి 10 అడుగులకు ఒక జాయింటు ఉండాలి. 30 అడుగుల కల్లాన్ని ఒకే పలకగా పోస్తే మనం వదలని జాయింటును అదే తెచ్చుకుంటుంది. నడిమధ్యలో అడ్డంగా, ఇంచుమించు తిన్నగా వచ్చే పగులు ఇదే. ఇది రోజూ కదులుతుంది. పొద్దున వెడల్పుగా, మధ్యాహ్నం ఇరుకుగా ఉంటుంది. దీన్ని గట్టి సిమెంటుతో నింపితే ఒక ఎండాకాలం తిరిగేసరికి పక్కనే మళ్లీ పగులుతుంది.

రెండో కారణం కింది నేల. ఇబ్రహీంపట్నం ప్రాంతంలో ఎక్కువ చెలక నేలలే. వీటిలో మొరం మంచిగా దిమ్మిస కొట్టి పోస్తే కల్లం కదలదు. కానీ పెద్ద చెరువు ఆయకట్టు వంటి పల్లపు పొలాల్లో, అక్కడక్కడా నల్లరేగడి పట్టీల్లో సంగతి వేరు. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు బారుతుంది. ఆ నెర్రె మీద ఉన్న కాంక్రీటు కూడా దాంతోపాటు లేచి దిగుతుంది. వానాకాలంలో మూసుకుని, మార్చి నుంచి తెరుచుకునే పగులు ఉంటే కింద రేగడి ఉన్నట్టు అనుమానించాలి.

మూడోది కింద బోలు పడడం. కల్లం అంచుల వెంట వాన నీరు మట్టిని కోసుకుపోతుంది. అంతకన్నా ఎక్కువగా పందికొక్కులు. గింజ వాసన ఉన్న చోటికి అవి రాకుండా ఉండవు. అంచు కిందనుంచి బొరియ తీసి, కాంక్రీటు కింద గదులు కట్టుకుంటాయి. పైన ట్రాక్టరు ట్రాలీ ఎక్కిన రోజు ఆ మూల పుటుక్కుమంటుంది. మూలల్లో ముక్కోణంగా వచ్చే పగుళ్లలో, ఒక పక్క కిందికి దిగిన పగుళ్లలో చాలావరకు ఇవే. ఉపాధి హామీ కల్లాలు వడ్లు ఆరబోయడానికి కట్టినవి. లోడు ట్రాలీ, వరికోత మిషను వాటి మీద తిప్పకూడదు. చైను మిషను మీద ఎక్కి అక్కడికక్కడే మలిపితే పై పొర లేచిపోతుంది.

పోసిన వారంలోనే సాలెగూడులా వచ్చే సన్న గీతలు వేరే. నీళ్లు ఎక్కువ కలిపి పోయడం, తర్వాత సరిగ్గా తడపకపోవడం వల్ల వస్తాయి. ఇవి పై పొరలోనే ఉంటాయి, కదలవు. ఇక కల్లం పక్కన వేప, కానుగ ఉంటే వేరు వల్ల లేచిన పగులా అని కూడా చూసుకోండి. చెట్టు కొట్టమని చెప్పను. వేరు వచ్చే వైపు ఒక కందకం తీసి, అటు వచ్చిన వేరును మాత్రం తెంపితే చాలు.

మూడు పరీక్షలు

తట్టి వినడం. ఇనుప చువ్వతో లేదా గడ్డపార తలతో పగులుకు రెండు పక్కలా అడుగు అడుగుకూ తట్టండి. గట్టిగా ఉన్న చోట ఖణేల్‌మంటుంది. బోలు ఉన్న చోట డొల్ల చప్పుడు వస్తుంది. డొల్ల ఉన్నంత మేర చాక్‌పీసుతో గీత గీయండి.

దారం లాగడం. పగులుకు అడ్డంగా దారాన్ని లాగి పట్టుకుంటే ఒక పక్క దిగిందో లేదో తెలిసిపోతుంది. రెండు పక్కలూ సమానంగా ఉంటే నేల బాగానే ఉన్నట్టు.

కొలవడం. పగులుకు ఇటొక చుక్క, అటొక చుక్క సన్నగా పెన్సిలుతో పెట్టండి. పొద్దున 6 గంటలకు ఒకసారి, మధ్యాహ్నం 2-3 గంటలకు ఒకసారి వాటి మధ్య దూరం స్కేలుతో కొలవండి. అర మిల్లీమీటరైనా తేడా కనిపిస్తే అది కదిలే పగులు. స్కేలుతో పట్టుకోవడం కష్టమైతే పగులు మీద అడ్డంగా పీఓపీ పలుచగా పూసి, రెండు మూడు వారాలు వదిలేయండి. ఆ పూత చీలితే పగులు కదులుతున్నట్టు. రేగడి నేల అనుమానం ఉన్నవారు మాత్రం ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి కొలిచి చూడాలి.

ఈ మూడు పరీక్షలు చేయకుండా మేస్త్రిని పిలిస్తే ఆయన చెప్పేది ఒకటే ఉంటుంది: పైన అర అంగుళం సిమెంటు పూత వేద్దాం, కొత్తదానిలా ఉంటుందని. నిజమే, ఒక పంటకు కొత్తదానిలానే ఉంటుంది. తర్వాత ఆ పూత అప్పడంలా లేచి, పారతో లాగినప్పుడల్లా వడ్లలో కలుస్తుంది. పాత కాంక్రీటు మీద పలుచని పూత నిలవదు. ఈ పని చేయించవద్దని గట్టిగా చెబుతాను.

కదలని పగులుకు

సాలెగూడు గీతలకు ఏమీ చేయకపోయినా ఫర్వాలేదు. దుమ్ము లేస్తుంటే హార్డ్‌వేరు దుకాణాల్లో దొరికే ఎస్‌బీఆర్ లేటెక్సు, నీళ్లు సమానంగా కలిపి, అందులో పెయింటులా చిక్కబడేదాకా సిమెంటు కలిపి, తడిపిన కల్లం మీద బ్రష్షుతో రుద్దించండి.

గింజ దిగేంత పగులు అయితే ముందు దాన్ని వెడల్పు చేయాలి. ఇది చాలామందికి మింగుడు పడదు. ఉన్న పగులును మరింత కోయడమేంటి అంటారు. సన్నని పగులులోకి సిమెంటు మాలు దిగదు, పైన తేలుతుంది, అందుకే కోయాలి. కటింగు మిషనుతో పగులుకు రెండు పక్కలా గీత పెట్టి, ఉలి, సుత్తెతో మధ్యది తీసేయండి. గాడి 20 మిల్లీమీటర్ల వెడల్పు, 25 మిల్లీమీటర్ల లోతు ఉంటే సరిపోతుంది. గాడి గోడలు నిలువుగా ఉండాలి. పైన వెడల్పుగా, కింద మొనగా తీస్తే అంచుల్లో మాలు పలుచబడి లేచిపోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. పొలంలో కరెంటు కోసం బోరు మోటారు స్టార్టరు నుంచి వైరు గుంజి మిషను నడపవద్దు. అది త్రీఫేజు. రెండు ఫేజుల మధ్య పెడితే మిషను కాలుతుంది, షాకు కొడితే మనిషి దక్కడు. జనరేటరు ఉన్న మేస్త్రిని పిలవండి, లేదా ఉలితోనే నిదానంగా కొట్టించండి. కోసేటప్పుడు లేచే సన్న దుమ్ము ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడాలి, ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి. తువ్వాలు చుట్టుకుంటే చాలదు.

గాడిని ఇనుప బ్రష్షుతో రుద్ది, దుమ్మంతా ఊడ్చి, వీలైతే గాలి పంపుతో ఊది, కడగండి. ముందురోజు రాత్రి తడిపి పెట్టి, పని మొదలుపెట్టే ముందు నిలిచిన నీటిని గుడ్డతో అద్దేయండి. గాడి తడిగా ఉండాలి, నీళ్లు నిలవకూడదు. లోపలంతా లేటెక్సు, సిమెంటు కలిపిన పూత రాసి, అది ఆరకముందే మాలు నింపాలి. మాలుకు ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు జల్లెడ పట్టిన ఇసుక, కలపడానికి లేటెక్సు వేసిన నీళ్లు. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. 10 మీటర్ల గాడికి రెండున్నర, మూడు కిలోల సిమెంటు సరిపోతుంది, బస్తా మొత్తం కలపకండి. కలిపిన మాలు అరగంటలో వాడేయాలి. గట్టిగా కూరి, తాపీతో కల్లంతో సమానంగా చదును చేయండి. ఉబ్బెత్తుగా వదిలితే పారకు తగులుతుంది. లేటెక్సు మాలును తడి గోనె సంచులతో ఒకటి రెండు రోజులు కప్పి, తర్వాత మామూలుగా ఆరనివ్వాలి. వారం దాకా వడ్లు పోయకండి.

కదిలే పగులుకు

దీనికి సాగే గుణం ఉన్న పదార్థమే కావాలి. హార్డ్‌వేరు దుకాణంలో పీయూ సీలెంటు అని అడిగితే 600 మిల్లీలీటర్ల గొట్టం ప్యాకెట్లు ఇస్తారు. దాన్ని వత్తే గన్ను మేస్త్రీల దగ్గర ఉంటుంది. గాడి 12 మిల్లీమీటర్ల వెడల్పు, 20-25 మిల్లీమీటర్ల లోతు తీయండి. కింద ఫోము తాడు కూరండి. అది దొరక్కపోతే పాలిథీన్ ఫోము పట్టీని మడిచి కూరవచ్చు. జనపనార తాడు వద్దు, తడికి కుళ్లుతుంది. తాడు ఎందుకంటే, సీలెంటు రెండు పక్క గోడలను మాత్రమే పట్టుకోవాలి, అడుగును పట్టుకోకూడదు. మూడు వైపులా పట్టుకుంటే పగులు తెరుచుకున్నప్పుడు అది సాగలేక చిరుగుతుంది.

తాడు మీద సీలెంటు మందం 6 నుంచి 8 మిల్లీమీటర్లు చాలు. పైన కల్లం మట్టం కంటే 3 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. ఎండకు కాంక్రీటు సాగినప్పుడు అది పైకి ఉబ్బుతుంది, సమానంగా నింపితే పార దాన్ని చీరేస్తుంది. 10 మీటర్లకు రెండు ప్యాకెట్లు అవుతాయి. సిమెంటు పనికి గాడి తడిగా ఉండాలి అన్నాను కదా, దీనికి అందుకు పూర్తిగా విరుద్ధం. గాడి ఎముకలా ఎండి ఉండాలి. వాన పడ్డ తర్వాత కనీసం మూడు నాలుగు ఎండ రోజులు చూసుకోండి. ప్యాకెట్టు మీద రాసిన రోజులు ఆగి, వేలికి అంటకుండా, వాసన లేకుండా ఆరాకే కల్లం వాడాలి. ఇది తిండి గింజల కోసం చేసిన పదార్థం కాదు కాబట్టి, ఆ గీత మీద మొదటి పంటకు పట్టా పరిచి ఆరబోయడం మంచిది.

తారు మాట మళ్లీ చెప్పాలి. రోడ్డు పనివాళ్ల దగ్గర మిగిలిన తారు తెచ్చి పగుళ్లలో పోయడం చవకగా అనిపిస్తుంది. ఏప్రిల్, మే ఎండకు ఆ తారు మెత్తబడి గింజలకు అంటుకుంటుంది, యాసంగి వడ్లు ఆరేది సరిగ్గా అప్పుడే. నల్ల మచ్చ పడ్డ గింజ తిండికీ పనికిరాదు, విత్తనానికీ పనికిరాదు. కల్లం దాకా వచ్చే దారిలో తారు పగిలితే అక్కడ తారే వాడండి, కల్లం మీదికి మాత్రం తేకండి. పగుళ్లలో మట్టి నింపి పైన పేడతో అలకడం కూడా అంతే. మట్టి కల్లానికి అలుకు సరైనదే, మన పెద్దలు చేసిందే. సిమెంటు మీద అలుకు పట్టదు, పెచ్చులుగా లేచి వడ్లలో కలుస్తుంది.

కింద బోలు ఉన్న చోట

దీనికి పైపై పని లేదు. డొల్ల చప్పుడు వచ్చిన మేర కన్నా అర అడుగు ఎక్కువగా, చతురస్రంగా గీత కోసి, ఆ ముక్క మొత్తం తీసేయాలి. బొరియలు ఉంటే అవి ఎక్కడి దాకా పోయాయో తవ్వి, కంకర, మొరంతో గట్టిగా కూరాలి. ఎలుకల మందు పెట్టేవారు బొరియ లోపలే పెట్టి మూసేయాలి, కల్లం మీద గానీ వడ్ల దగ్గర గానీ పెట్టకూడదు. కింద రేగడి కనిపిస్తే కనీసం అడుగు లోతు తీసేసి మొరం పోయాలి. మొరాన్ని ఒకేసారి నింపకుండా నాలుగు నుంచి ఆరు అంగుళాల పొరలుగా వేసి, ప్రతి పొరనూ తడిపి దిమ్మిస కొట్టాలి. నా అనుభవంలో పని చెడేది ఎక్కువగా ఇక్కడే. సిమెంటు పాళ్ల దగ్గర నిలబడి చూసే రైతు దిమ్మిస దగ్గర నిలబడడు.

మొరం మీద పాలిథీన్ షీటు పరిచి, 4 అంగుళాల కాంక్రీటు పోయండి. ఒక బస్తా సిమెంటుకు సుమారు రెండు ఘనపుటడుగుల ఇసుక, మూడు ముప్పావు ఘనపుటడుగుల 20 ఎంఎం కంకర, నీళ్లు 25 లీటర్లకు మించకుండా. ఒక బస్తాతో చదరపు మీటరు కంటే కొంచెం ఎక్కువ వస్తుంది. కొత్త ముక్కకూ పాత కల్లానికీ మధ్య గీతను సీలెంటుతో మూయండి. అది కదిలే జాయింటే. మర్నాటి నుంచి కనీసం వారం, ఎండాకాలమైతే పది రోజులు తడి సంచులు ఆరకుండా చూడాలి. రెండు వారాలకు వడ్లు పోయవచ్చు.

కల్లంలో మూడో వంతుకు మించి డొల్ల అని తేలితే మరమ్మతుకు డబ్బు పెట్టకండి. బాగున్న భాగాన్ని పగులు గీత దగ్గర తిన్నగా కోసి ఉంచుకుని, మిగిలింది తర్వాత మళ్లీ పోసుకోవడం నయం. 50 చదరపు మీటర్ల కల్లం మీద ఒకటిన్నర అంగుళం మందంలో పోస్తే ఒక దఫాకు 11 క్వింటాళ్ల దాకా వడ్లు ఆరతాయి. సగం కల్లమే ఉన్నా ఐదారు క్వింటాళ్లు రోడ్డు మీదికి పోకుండా ఆగుతాయి.

ఎప్పుడు చేయాలి?

జనవరి, ఫిబ్రవరి మంచి కాలం. వానాకాలం వడ్లు అమ్ముడై ఉంటాయి, యాసంగి కోతకు ఇంకా సమయం ఉంటుంది, వానలు ఉండవు, మాలు ఎండకు త్వరగా ఆరిపోదు. చలికి పగుళ్లు పూర్తిగా తెరుచుకుని ఉండడం వల్ల ఎక్కడెక్కడ ఉన్నాయో కూడా దాగవు. కొత్త కల్లం పోసేవారు ఇదే కాలంలో పోసుకోవాలి. 8-10 అడుగులకు జాయింటు, చుట్టూ నేల కన్నా అర అడుగు ఎత్తు, 10 మీటర్లకు 10 సెంటీమీటర్ల వాలు ఉండేలా మేస్త్రికి ముందే చెప్పండి. పని సగంలో చెబితే వినరు.

కోత వచ్చే వారమే ఉందనగా ఈ వ్యాసం చదివినవారు మాత్రం ఇప్పుడు సిమెంటు ముట్టకండి. వారం నిండని మాలు మీద వడ్లు పోస్తే మాలూ చెడుతుంది, వడ్లూ చెడతాయి. పగుళ్లను గట్టి పుల్లతో గీకి, పాత గింజలు, మట్టి తీసి ఊడ్చేయండి. ఊడే పెళ్లలను ముందే కొట్టి తీసేయండి. పైన రెండు వరుసల పట్టాలు పరిచి ఆరబోయండి. పట్టాల మీద ఇనుప పార కాకుండా చెక్క పలకతో లాగండి. రాత్రి కుప్పను పగుళ్ల మీద కాకుండా, డొల్ల లేని, ఎత్తుగా ఉన్న వైపు చేయండి. బోలు ఉన్న మూలలో రెండు రాళ్లు పెట్టి ట్రాక్టరు అటు ఎక్కకుండా చూసుకోండి. పగుళ్ల పొడవు, వెడల్పు, డొల్ల ఉన్న చోటు ఒక కాగితం మీద బొమ్మ గీసి ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. జనవరిలో దుకాణానికి వెళ్లినప్పుడు ఎన్ని ప్యాకెట్లు, ఎన్ని బస్తాలు కావాలో ఆ కాగితమే చెబుతుంది. లెక్క కుదరకపోతే ఆ కాగితం పట్టుకుని మీ క్లస్టరు రైతు వేదికలో ఏఈఓను కలవండి.